కొడుక్కి ట్రూపర్ టోపీ, తల్లికి హెడ్‌సెట్

ప్రశ్న:

అక్కా, నమస్తే. మేం పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటాం. మా పెద్దవాడు ఇక్కడే పుట్టాడు, మొన్ననే ఇరవై నిండాయి. న్యూజెర్సీలో రెండేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివి, 48 క్రెడిట్ల దగ్గర ఆపేసి ఇంటికొచ్చేశాడు. స్టేట్ పోలీసులో ట్రూపర్‌గా, అంటే రాష్ట్ర పోలీసు అధికారిగా, చేరతానంటున్నాడు. వాళ్ల నాన్న రెండు నెలలుగా వాడితో మాటలు మానేశారు. "అయిదడుగుల అయిదంగుళాల వాడు, డిగ్రీ కూడా లేదు, వీణ్ని పోలీసులో ఎవరు తీసుకుంటారు" అని నా దగ్గర మాత్రం సణుగుతుంటారు. కాలేజీలో ఉండగా రెండుసార్లు గంజాయి గమ్మీలు తిన్నానని వాడే నాతో చెప్పాడు. ఒక స్పీడింగ్ టికెట్ కూడా ఉంది. మా ఆడపడుచు భర్తేమో "గమ్మీల సంగతి రాయకండి, ఎవరు చూశారు గనక" అంటున్నారు. నిజంగా అర్హతలు ఏమిటి?

ఇంకో మాట. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. వాడి కోసం వెతుకుతుంటే డిస్పాచర్ ఉద్యోగాల ప్రకటన నా కంటబడింది, ఫోన్లు ఎత్తి, రేడియోలో పోలీసుల్ని పంపే పని. నాకు 46. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. పెళ్లికి ముందు విజయవాడలో ఒక ఆఫీసులో రెండేళ్లు టైపింగ్ పని చేశాను. నా ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ యాస మనదే. నాలాంటిదానికి ఇస్తారా?

పేరు వద్దు.

జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను ఒక కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదానిలో, 911 అత్యవసర ఫోన్ల కేంద్రంలో చాలా ఏళ్లు, ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో పనిచేసి రిటైరయినదాన్ని. అందుకే నీ రెండో ప్రశ్న చదివి నవ్వుకున్నాను. సిగ్గెందుకమ్మా? దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పిల్లాడి సంగతి చూద్దాం.

మీ ఆయన చెప్పిన రెండు అభ్యంతరాలూ ముందే తీసేద్దాం. ఎత్తు సంగతి ఆయన మన ఊరి లెక్క చెబుతున్నారు. అక్కడ మగపిల్లాడు 167.6 సెంటీమీటర్లు లేకపోతే మైదానంలో అడుగు పెట్టనివ్వరు. అయిదడుగుల అయిదంటే 165, గోవిందా. అమెరికాలో కూడా ఒకప్పుడు అదే తంతు. అలబామా రాష్ట్రంలో ట్రూపర్ కావాలంటే అయిదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, 160 పౌండ్ల బరువు ఉండాలనేవారు. జైలు గార్డుకి అయిదడుగుల రెండు, 120 పౌండ్లు. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు గార్డు ఉద్యోగానికీ ఇంకొకరు ట్రూపర్ ఉద్యోగానికీ వెళ్లి, కోర్టుకెక్కారు. ఎత్తుకీ బరువుకీ ఈ పనితో ఏం సంబంధమో చూపించమంటే రాష్ట్రం చూపించలేకపోయింది. గార్డు కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1977లో డొథార్డ్ వర్సెస్ రాలిన్సన్ అన్న పేరుతో తీర్పొచ్చింది. బలం కావాలంటే బలాన్నే నేరుగా పరీక్షించండి, టేపు పెట్టి కొలవకండి అన్నది దాని సారం. ఆ తర్వాత ఈ దేశంలో పోలీసు శాఖలు ఒక్కొక్కటిగా ఎత్తు నిబంధన వదిలేశాయి. మీవాడి అయిదడుగుల అయిదంగుళాలు ఎవరికీ పట్టవు. పరుగు మాత్రం పడుతుంది.

డిగ్రీ సంగతి. పెన్సిల్వేనియా స్టేట్ పోలీసు చాలాకాలం 60 కాలేజీ క్రెడిట్లు కావాలని పట్టుబట్టింది. ఆ రోజుల్లో అయితే మీవాడు 48తో ఇంకా పన్నెండు సంపాదించాల్సి వచ్చేది. అభ్యర్థులు తగ్గిపోతుంటే 2023 అక్టోబరులో గవర్నర్ షపీరో ప్రభుత్వం ఆ నిబంధనను పక్కన పెట్టింది. హైస్కూల్ డిప్లొమా గానీ, దానికి సమానమైన జీఈడీ పరీక్ష పాసైన సర్టిఫికెట్ గానీ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదట ప్రయోగంగా మొదలుపెట్టిన మార్పు అది. కాబట్టి వాడు ఫారం నింపే రోజున ప్రకటనలో చదువు గురించి ఏముందో స్వయంగా చదవాలి, నా మాట మీద వదిలెయ్యకూడదు. ఆ పన్నెండు క్రెడిట్లూ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసుల్లో పూర్తి చేస్తే నష్టమేమీ లేదు. పక్క రాష్ట్రాలకు పెట్టుకోవాలనిపించినా, రేపు పై మెట్టు ఎక్కాలన్నా పనికొస్తాయి.

వయసు లెక్క చక్కగా కుదిరింది. ఇక్కడ దరఖాస్తుకి 20, శిక్షణ అకాడమీలో చేరే రోజుకి 21 నిండాలి, 40 నిండకూడదు. మధ్యలో పరీక్షలూ విచారణలూ నెలల తరబడి సాగుతాయి. ఇప్పుడు పెడితే ఆ వరస దాటేసరికి వాడికి 21 రావడం సహజమే. పై వయసు పరిమితి చూసి ఆశ్చర్యపోకు. వయసును బట్టి వివక్ష చూపకూడదన్న కేంద్ర చట్టం ఉన్నా, పోలీసు, అగ్నిమాపక ఉద్యోగాలకు అందులో మినహాయింపు ఉంది. డిస్పాచర్‌కు ఆ మినహాయింపు వర్తించదు, నీ 46 ఎవరికీ అడ్డు కాదు.

పౌరసత్వం పుట్టుకతోనే వచ్చింది కాబట్టి వాడికి ఆ గొడవ లేదు. కానీ ఈ ప్రశ్న నన్ను చాలామంది మనవాళ్లు అడుగుతారు, కాస్త చెప్పనివ్వు. ఫోలీ అనే ఆయన గ్రీన్ కార్డు మీద న్యూయార్క్‌లో ఉంటూ అక్కడి స్టేట్ ట్రూపర్ పరీక్షకు కూర్చుంటానంటే వీల్లేదన్నారు. 1978లో సుప్రీం కోర్టు కూడా రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. మనిషిని ఆపగలిగే, అరెస్టు చేయగలిగే అధికారం పౌరుల చేతిలోనే ఉండాలని రాష్ట్రం అనుకుంటే అది తప్పు కాదంది. గమనించు, ఉండి తీరాలని అనలేదు, రాష్ట్రం అలా కోరుకోవచ్చని మాత్రమే అంది. అందుకే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి ఆ షరతు తీసేసింది. ఇల్లినాయి 2024 జనవరి నుంచి పని చేసే అనుమతి ఉన్నవాళ్లకు తలుపు తెరిచింది. పెన్సిల్వేనియా స్టేట్ పోలీసుకి మాత్రం పౌరసత్వం కావాల్సిందే.

కాగితం మీద అర్హతలు ఇంతే. హైస్కూలు, వయసు, పౌరసత్వం, డ్రైవింగ్ లైసెన్సు. చూస్తే ఎవరికైనా వచ్చేలా ఉంటుంది కదా? మన దగ్గర మార్కులు, కటాఫ్, మెరిట్ లిస్టు. ఒక్క మార్కుతో పోయినవాళ్లు అశోక్‌నగర్ గదుల్లో ఇంకో రెండేళ్లు కూర్చుంటారు. ఇక్కడ రాతపరీక్ష తొలి గుమ్మం మాత్రమే. అసలు పరీక్ష పేపరు మీవాడి జీవితమే, దాన్ని దిద్దేది విచారణ అధికారి.

రాతపరీక్ష అయ్యాక పాలీగ్రాఫ్ ఉంటుంది, మనం లై డిటెక్టర్ అనేది. ప్రైవేటు కంపెనీలు ఉద్యోగులకు ఆ పరీక్ష పెట్టడాన్ని 1988 నాటి చట్టం చాలావరకు ఆపేసింది గానీ ప్రభుత్వ సంస్థలకు అది వర్తించదు. ఇంకా బ్యాక్‌గ్రౌండ్ విచారణ, శారీరక దారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష, మానసిక నిపుణుడితో కూర్చోబెట్టడం. వైద్య, మానసిక పరీక్షలు షరతుల మీద ఉద్యోగం ఇస్తామన్నాకే చేయాలని వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. అందుకని మొదటి ఇంటర్వ్యూలోనే జబ్బుల గురించి అడగరు. అవన్నీ దాటితే హెర్షీలో అకాడమీ. చాక్లెట్ ఊరు, మీ ఇంటికి కూతవేటు దూరం. అయినా వాడు ఇంటికొచ్చి భోంచేసి వెళ్తాడనుకోకు. సుమారు 28 వారాలు అక్కడే ఉండి నేర్చుకోవాలి. చట్టం, తుపాకీ, బండి నడపడం, రిపోర్టు రాయడం. నా లెక్కలో పిల్లలు ఎక్కువగా తిప్పలు పడేది చివరిదాంతోనే. రిపోర్టు రాయడానికి మీవాడి కాలేజీ రెండేళ్లు బాగా పనికొస్తాయి, వృథా పోయాయని మీ ఆయన బాధపడక్కర్లేదు.

పరుగు గురించి ఒక మాట. ఈ రాష్ట్రంలో దారుఢ్య పరీక్ష మీద పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఆడవాళ్లు ఎక్కువగా ఫెయిలయ్యేలా ఉందని, ఆ కొలతలు ఉద్యోగానికి అవసరమని రుజువు కాలేదని కేంద్ర న్యాయశాఖ 2014లో దావా వేసింది. 2021లో రాజీ కుదిరింది. కాబట్టి పాత వీడియోలు చూసి పాత లెక్కలతో తయారవ్వొద్దని చెప్పు, ఇప్పటి కొలతలు రిక్రూటరునే అడగమను. ఏ లెక్కయినా మైలున్నర ఆగకుండా పరిగెత్తగలగాలి, పుషప్‌లు సరిగ్గా తీయగలగాలి. దరఖాస్తు పెట్టిన రోజు మొదలుపెడితే ఆలస్యమే. ఈ సాయంత్రమే బూట్లు కట్టుకోమను.

ఇప్పుడు గమ్మీల దగ్గరికి. మీ ఆడపడుచు భర్త మంచి ఉద్దేశంతోనే అన్నారు, నాకు తెలుసు. అయినా ఆయన మాట వింటే మీవాడి కథ అక్కడితో ముగిసినట్టే. ఎందుకో వివరంగా చెబుతాను.

న్యూజెర్సీలో గంజాయి చట్టబద్ధమే కదా అని మీకు అనిపించవచ్చు. అది 21 నిండినవాళ్లకు. మీవాడికి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. పైగా కేంద్ర చట్టంలో అది ఇప్పటికీ నిషిద్ధ పదార్థమే. దాన్ని వాడుతున్న మనిషి తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని కూడా కేంద్ర చట్టం అంటుంది. తుపాకీ లేని ట్రూపర్ ఉండడు కదా. అయితే ఈ కాలంలో కుర్రాళ్లలో ఒక్కసారి కూడా ముట్టనివాళ్లే కావాలంటే పోలీసు శాఖలు మూసుకోవాల్సిందే, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అందుకే ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏ వయసులో, అమ్మావా, ఇప్పుడూ వాడుతున్నావా అని లెక్క చూస్తారు. రెండుసార్లు తిని మానేసిన వాడికి దారి ఉండొచ్చు. ఎంతకాలం ఆగాలన్నది ఒక్కో శాఖ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఫారం నింపే ముందే రిక్రూటరును అడిగితే చెప్తారు. కానీ ఆ ఫారంలో "ఎప్పుడూ లేదు" అని రాసి, పాలీగ్రాఫ్ గదిలో గుటకలు మింగితే, లేదా పాత రూమ్మేటుకి ఫోను వెళ్లి వాడు నవ్వుతూ "అబ్బే, రెండే రెండుసార్లు" అన్నాడనుకో, అప్పుడు సమస్య గమ్మీలది కాదు, అబద్ధానిది అవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

పోలీసు శాఖలు అబద్ధానికి ఎందుకంత భయపడతాయో కూడా చెప్పనీ, మీ ఆడపడుచు భర్తకు వినిపించు. ట్రూపర్ అన్నవాడు రేపు కోర్టులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాలి. అతను గతంలో అబద్ధం ఆడినట్టు రికార్డుంటే, ఆ సంగతి ముద్దాయి వకీలుకి ప్రభుత్వమే చెప్పాల్సి వస్తుంది. 1963 నాటి బ్రేడీ తీర్పు, 1972 నాటి జిలియో తీర్పు కలిసి తెచ్చిన నియమం అది. ఒక్క అబద్ధంతో ఆ మనిషి పెట్టిన కేసులన్నీ బలహీనపడతాయి. సాక్ష్యం చెప్పలేని పోలీసు ఎవరికి కావాలి? అందుకే గుమ్మం దగ్గరే వడపోస్తారు.

నా సంగతే చెబుతా. నేను డిస్పాచర్‌గా పెట్టుకున్నప్పుడు, పాత ఉద్యోగాల వరసలో ఒకటి వదిలేశాను. ఒక బట్టల దుకాణంలో మూడు వారాలు చేశాను, రిజిస్టరు దగ్గర నెమ్మదిగా ఉన్నానని పొమ్మన్నారు. సిగ్గనిపించి రాయలేదు. విచారణ అధికారి కాగితం తిప్పుతూ "ఇది మర్చిపోయారా, దాచారా?" అని మెల్లగా అడిగాడు. గొంతెండిపోయింది. "దాచాను, పొమ్మన్నారని చెప్పుకోలేక" అన్నాను. ఆయన రాసుకుని, "పొమ్మన్నారన్నది మాకు లెక్క కాదు" అని పేజీ తిప్పాడు. మర్చిపోయానని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ రోజు అలా నోట్లోంచి నిజం రావడం నా గొప్పేం కాదు, కంగారులో వచ్చేసింది.

స్పీడింగ్ టికెట్ ఒక్కటి పెద్ద విషయం కాదు, తేదీతో సహా రాయాలి. వాడి పేరు మీద క్రెడిట్ కార్డు బాకీలుంటే ఇప్పుడే కట్టెయ్యమను. వాడి అనుమతితో క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటారు. అప్పుల్లో మునిగిన పోలీసు లంచానికి లొంగుతాడన్న భయం వాళ్లకీ ఉంటుంది, ఆ విషయంలో ఏ దేశమైనా ఒకటే. సోషల్ మీడియాలో పిచ్చి పోస్టులుంటే ఇప్పుడు చెరిపేసి లాభం లేదు. అడిగితే ఒప్పుకోగలిగేలా ఉంటే చాలు. నిజంగా ఏ మంచి మాటా పనిచేయని చోటు ఒకటుంది. ఇంట్లో వాళ్ల మీద చెయ్యి చేసుకున్న కేసులో, అది చిన్న నేరంగా తేలినా సరే, శిక్ష పడితే 1996 కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ ముట్టడానికి లేదు. మీవాడికి ఆ గొడవ లేదనే అనుకుంటున్నాను.

ఇక నీ సంగతి.

ముందు ఒక చిక్కు విప్పాలి. డిస్పాచర్ అన్న ఒక్క మాట కింద ఇక్కడ రెండు వేర్వేరు కొలువులున్నాయి. పెన్సిల్వేనియాలో 911 నడిపేది కౌంటీలు. ఎవరైనా 911 కొడితే అది కౌంటీ కేంద్రానికి వెళ్తుంది. అక్కడివాళ్లు అంబులెన్సు, ఫైర్ ఇంజను, ఊరి పోలీసు, దేన్నయినా పంపుతారు. సొంత పోలీసు లేని ఊళ్లు ఈ రాష్ట్రంలో బోలెడు. అక్కడికి వెళ్లాల్సింది స్టేట్ పోలీసు. ఆ ట్రూపర్లతో రేడియోలో మాట్లాడే వాళ్లని పోలీస్ కమ్యూనికేషన్స్ ఆపరేటర్ అంటారు, వాళ్లు స్టేట్ పోలీసు ఉద్యోగులు. నువ్వు చూసిన ప్రకటన ఈ రెంటిలో ఏదో ముందు చూడు. కౌంటీ ఉద్యోగమైతే రాష్ట్ర అత్యవసర నిర్వహణ సంస్థ నిబంధనల ప్రకారం శిక్షణ, ధృవీకరణ ఉంటాయి. స్టేట్ పోలీసుదైతే దాని దారి దానిది.

పౌరసత్వం గురించి. ఫోలీ కేసులో కోర్టు మాట్లాడింది అరెస్టు చేసే అధికారం గురించి. డిస్పాచర్‌కు ఆ అధికారం లేదు. కాబట్టి చాలాచోట్ల చట్టబద్ధంగా పని చేసే హక్కుంటే చాలు, గ్రీన్ కార్డు సరిపోతుంది. కొన్నిచోట్ల మాత్రం పౌరసత్వం అడుగుతారు. ప్రకటనలో ఆ ఒక్క వాక్యం వెతుక్కుని, అర్థం కాకపోతే ఆ హెచ్ఆర్ ఆఫీసుకి ఫోను చెయ్యి. ఎలాగూ గ్రీన్ కార్డుకి మూడేళ్లు నిండాయి. అయిదేళ్లకు 90 రోజుల ముందు నుంచీ పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. అదేమంత దూరం?

నీకు తగిలే అసలు ముల్లు వేరే ఉంది. పేర్లు, తేదీలు. మన ఆడవాళ్ల కాగితాలు చూడు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో అది పూర్తిగా విప్పి ఉంటుంది, పెళ్లయ్యాక ఇంకో ఇంటిపేరు. పుట్టినరోజు బడిలో వేయించిన తేదీ ఒకటి, ఇంట్లో దీపం పెట్టుకునేది ఇంకొకటి. బ్యాక్‌గ్రౌండ్ విచారణ చేసే అమెరికన్ అధికారికి ఇవన్నీ నలుగురు మనుషుల్లా కనిపిస్తాయి. నువ్వే ముందుకెళ్లి "ఇతర పేర్లు" అన్న గడిలో అన్నీ రాసెయ్యి. పుట్టినతేదీ గ్రీన్ కార్డు మీద ఉన్నదే ప్రతిచోటా వెయ్యి. ఇంటర్ సర్టిఫికెట్‌ను ఇక్కడి హైస్కూలుతో సమానమని చూపించే మూల్యాంకన పత్రం కావాల్సి రావచ్చు. వెస్ లాంటి సంస్థలు చేస్తాయి, కానీ బోర్డు నుంచి కాగితాలు కదలడానికి టైం పడుతుంది. విజయవాడలో ఉన్న తమ్ముడో మరిదో ఉంటే వాళ్లకి ఇప్పుడే పని పురమాయించు.

వేలిముద్రలు తీసుకుంటారు. డిస్పాచర్ కంప్యూటరులో ఎఫ్‌బీఐ నేర సమాచారం కనిపిస్తుంది కాబట్టి ఆ తెర ముందు కూర్చునే ప్రతివాళ్లకీ అది తప్పదు. వినికిడి చూస్తారు. టైపింగ్ పరీక్ష ఉంటుంది. చాలాచోట్ల క్రిటికాల్ అనే పరీక్ష పెడతారు. చెవిలో ఒకరు అడ్రసు చెబుతుంటే చేత్తో టైపు చేస్తూ, మధ్యలో తెర మీద వచ్చే ఇంకో ప్రశ్నకి జవాబివ్వాలి. పొయ్యి మీద పాలు, చేతిలో ఫోను, గుమ్మంలో పాలవాడు. మనకిది కొత్తా? కానీ కీబోర్డు మీద వేళ్లు తుప్పు పట్టి ఉంటాయి. రోజూ అరగంట సాధన చెయ్యి, వేగం కన్నా తప్పుల్లేకపోవడం ముఖ్యం.

యాస. దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నేనూ భయపడ్డాను. యాస ఉందని మాత్రమే ఉద్యోగం కాదనకూడదు. అది పనికి నిజంగా అడ్డొస్తేనే కాదనవచ్చన్నది ఇక్కడి చట్టం. రేడియోలో అడ్డొచ్చేది యాస కాదమ్మా, కొన్ని అక్షరాలు. నా మొదటి నెలలో ఒక కారు నంబరు పలికాను. అందులో జెడ్ ఉంది. అమెరికా పద్ధతిలో "జీ" అన్నాను. మనకి ఆ "జ" శబ్దం ఇంగ్లీషువాళ్లలా పలకదు కదా, అవతల పోలీసుకి అది ఇంకో జీ, జార్జ్‌లో జీలా వినిపించింది. కాసేపు వేరే ఎవరిదో కారు వెతికాడు. అప్పటి నుంచి జీబ్రా, జార్జ్ అని పూర్తి పేర్లతోనే పలికేదాన్ని. పోలీసులకి అక్షరమాల వేరే ఉంటుంది. ఆడమ్, బాయ్, చార్లెస్, డేవిడ్ అంటూ సాగుతుంది. ఫ్రిజ్ మీద అంటించుకుని, రోడ్డు మీద కనిపించిన ప్రతి నంబరు ప్లేటూ దాంతో చదువు. ఇంకోటి, మనం "డబుల్ ఎయిట్, ట్రిపుల్ ఫైవ్" అంటాం. ఇక్కడ ఎవరూ అలా అనరు, రేడియోలో అసలే కుదరదు. ఒక్కో అంకె విడిగా చెప్పాలి. ఈ రెండూ దిద్దుకుంటే నీ యాస ఎవరినీ ఇబ్బంది పెట్టదు. పైగా ఒత్తిడి పెరిగినా గొంతు పెంచని మనుషులంటే రేడియోలో అవతలివాళ్లకి ప్రాణం.

కష్టం దాచను. మొదటి కొన్ని నెలలు శిక్షకురాలు పక్కనే కూర్చుని నీ ప్రతి మాటా వింటుంది. ఆ దశలోనే మానేసే వాళ్లు ఎక్కువ. రాత్రి షిఫ్టులు, పండగ రోజుల డ్యూటీలు కొత్తవాళ్లకే పడతాయి. దీపావళి నీకు పండగ, రోస్టరుకి కాదు. ఎవరో ఫోనులో ఏడుస్తూ ఉంటారు, నువ్వు గుండె మీద చేతులు ఎలా నొక్కాలో లెక్కపెట్టి చెబుతూ ఉంటావు. అంబులెన్సు వచ్చిందన్న శబ్దం వినపడగానే లైను తెగిపోతుంది. ఆ మనిషి బతికాడో లేదో చాలాసార్లు నీకు తెలియదు, ఇంకో ఫోను మోగుతుంది. నాకు ఈ పనిలో అన్నింటికన్నా కష్టం అదే. ఇంత చేస్తే కేంద్ర ప్రభుత్వం 2018 వృత్తుల పట్టికలో మమ్మల్ని ఆఫీసు సహాయకుల గుంపులోనే ఉంచింది. దాని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. టెక్సాస్ లాంటి కొన్ని రాష్ట్రాలు చట్టం చేసి పోలీసు, ఫైర్, అంబులెన్సు వాళ్లతో పాటు ఫస్ట్ రెస్పాండర్లుగా గుర్తించాయి. చాలా కేంద్రాల్లో కాసేపు పక్కన కూర్చుని చూడనిస్తారు. దరఖాస్తు పెట్టే ముందు ఒక్క రాత్రి అలా కూర్చునిరా, నీకే తెలుస్తుంది.

ఇద్దరూ ఒకే శాఖకు పెట్టుకోవచ్చా అంటావేమో. పెట్టుకోవచ్చు, కానీ ఇద్దరి ఫారాల్లోనూ ఒకరి గురించి ఒకరు రాయాలి. బంధువుల కింద బంధువు పనిచేయకూడదన్న నియమాలుంటాయి. నా సలహా అయితే నువ్వు కౌంటీకి పెట్టుకో. కొడుకు గొంతు రేడియోలో వింటూ వేరేవాళ్ల ఫోను ఎత్తడం ఏ తల్లికీ తేలిక కాదు. నేను అలాంటి ఒకావిడ పక్కన కూర్చున్నాను.

మీ ఆయన గురించి అడగలేదు గానీ ఉత్తరం నిండా ఆయనే ఉన్నారు. ఆయన భయం పనికిరానిదని నేను అనను. ఇది తుపాకీ పెట్టుకుని రోడ్డు పక్కన అపరిచితుల కారు అద్దం దగ్గరికి వంగే ఉద్యోగం. ఆ భయాన్ని ఆయన ఎత్తు, డిగ్రీ అని వేరే పేర్లతో చెబుతున్నారని నాకనిపిస్తుంది. అవి రెండూ నేను కొట్టిపారేశాను కాబట్టి, ఇక అసలు మాట బయటికి రావచ్చు. రానివ్వు. ఒక్క సంగతి మాత్రం ఆయనకి ముందే చెప్పి ఉంచు. విచారణ అధికారి చాలాసార్లు ఇంటికే వస్తాడు. మీ సోఫాలో కూర్చుని, ముందు నీతో మాట్లాడతాడు, తర్వాత ఆయన వైపు తిరిగి, మీ అబ్బాయి ఎలాంటివాడు, ఈ ఉద్యోగం గురించి మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు అని అడుగుతాడు.